ఈటె మొన సంగతి సరే, పక్కన ఎవరున్నారు?

తమ్ముడూ, ఫ్లోరిడాలోని టాంపా వచ్చి నాలుగు నెలలైందని, పోల్ స్పియర్ కొన్నావని రాశావు. ఊపిరి బిగబట్టి సముద్రంలోకి దిగి, వెనక కట్టిన రబ్బరు సాగదీసి వదిలి చేపని కొట్టే ఈటె అది. దానికి మూడు ముళ్ళ మొన పెట్టాలా, ఒంటి మొన పెట్టాలా, స్లిప్ టిప్ పెట్టాలా అని అడిగావు. నేను 2008లో ఇదే ఊళ్ళో దిగినవాణ్ణి కనుక చనువుగానే రాస్తున్నాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఈటె గురించి అంత వివరంగా రాశావు గానీ, ఎవరితో వెళ్తున్నావో ఒక్క ముక్క లేదు.

మాది బందరు. కాలవలో ఈత నేర్చినవాడికి సముద్రం ఒక లెక్కా అనుకునే వయసులో వచ్చాను. ఆఫీసులో తెలుగువాళ్ళు లేరు, మా ఆవిడకి వీసా ఇంకా రాలేదు. శుక్రవారం సాయంత్రం ఇంటికొస్తే సోమవారం దాకా నోరు విప్పే అవసరమే ఉండేది కాదు. ఆ రెండు రోజులూ గడవడానికే ఈ వేట పట్టుకున్నాను. షాపులో అన్నిటికంటే ఖరీదైనదే మంచిదనుకుని స్లిప్ టిప్ కొన్నాను.

ఆ మొన చేపని చీల్చుకుని అవతలికి వెళ్ళాక కర్ర నుంచి విడిపోయి, సన్నటి వైరు చివర అడ్డం తిరుగుతుంది. చేప ఎంత గుంజినా ఊడిరాదు. గ్రూపర్, కోబియా లాంటి పెద్ద చేపల కోసం చేసినది అది. నాదేమో ఏడడుగుల ఫైబర్ కర్ర. ఆ మొన బరువుకి ముందు వైపు వాలిపోయేది, గురి పెట్టిన చోటికి కిందగా తగిలేది. మొదటిసారి తగిలింది జానెడు మాంగ్రోవ్ స్నాపర్‌కి. కడుపు చీలిపోయి, జారి లోతుకి పోయింది. ఎవరికీ కాకుండా పోయిన ఆ చేప ఇప్పటికీ గుర్తొస్తుంది.

రెండో వారం క్లియర్‌వాటర్ దగ్గర కయాక్ మీద, అంటే చిన్న తెడ్డు పడవ మీద, ఒక్కణ్ణే వెళ్ళాను. కింద మనిషి ఉన్నాడని పడవలవాళ్ళకి తెలిసేలా జెండా కట్టాను, లంగరు వేశాను, అంతా పద్ధతిగానే చేశాననుకున్నాను. పద్దెనిమిది అడుగుల లోతులో సున్నపురాయి అంచు కింద చేప కనబడింది. వేశాను, తప్పింది. మొన రాతి పగులులోకి దూరి అడ్డం తిరిగింది. లాగాను. రాలేదు. అంత డబ్బు పోసి కొన్నది వదలబుద్ధి కాక, రబ్బరు చేతికి ఉండగానే రెండు కాళ్ళూ రాతికి తన్నిపెట్టి మళ్ళీ లాగాను. దిగే ముందు గబగబా పది పన్నెండు సార్లు గట్టిగా ఊపిరి తీసుకున్నాను. అలా చేస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి, ఆక్సిజన్ అయిపోతున్నా ఊపిరి కావాలన్న తపన ఆలస్యంగా పుడుతుందని అప్పుడు నాకు తెలియదు. పైకి వచ్చే చివరి కొన్ని అడుగుల్లోనే, ఏ సూచనా లేకుండా స్పృహ పోవచ్చు. నాకు కళ్ళముందు చుక్కలు కనబడ్డాయి, ఈటె వదిలేశాను, బతికాను. పైన నన్ను చూసేవాళ్ళు ఎవరూ లేరు. ఒడ్డుకొచ్చి కూర్చుని ఇంటికి ఫోన్ చేద్దామనుకుంటే అక్కడ అర్ధరాత్రి దాటింది.

కొత్త మొనకి వెళ్తే షాపులో పెద్దాయన మొట్టమొదట అడిగింది ‘ఎవరితో వెళ్తున్నావు?’ అని. ఆ ఆదివారం తనతో తీసుకెళ్ళాడు. ఈవేళ నాకున్న స్నేహితుల్లో సగం మంది అలా కలిసినవాళ్ళే.

మొన సంగతికొస్తే, నువ్వు మొదలుపెట్టాల్సింది మూడు ముళ్ళదే. పారలైజర్ అంటారు. తగలగానే ముళ్ళు కొంచెం విచ్చుకుని చేపని కదలకుండా పట్టేస్తాయి. గురి కాస్త తప్పినా మూడింట్లో ఒకటైనా దిగుతుంది. కానీ పొలుసు గట్టిగా ఉండే షీప్స్‌హెడ్ మీద అది జారుతుంది, రాతికి తగిలితే ముల్లు వంగుతుంది. అలాంటి చేపకీ, హాగ్‌ఫిష్‌కీ ఒంటి మొన మేలు. దాని పక్కన మడతపడే రెక్క ఉంటుంది, ఫ్లాపర్ అంటారు. చేపని దాటాక తెరుచుకుని ఆపుతుంది. స్లిప్ టిప్ రెండేళ్ళ తర్వాత ఆలోచించు.

కొనేముందు కర్ర చివరి మర చూసుకో. కొన్నిటికి 6 మిల్లీమీటర్లది, కొన్నిటికి 5/16 అంగుళాలది ఉంటుంది. ఒకటి ఇంకోదానికి పట్టదు. మొన మొద్దుబారితే ఆకురాయితో రెండు రుద్దులు చాలు. గోటి మీద ఆనించి చూడు, జారకుండా నిలబడితే పదునున్నట్టు. వేట అయ్యాక మంచినీళ్ళతో కడుగు, స్టెయిన్‌లెస్ అయినా ఉప్పు ఊరుకోదు. మాస్క్ లోంచి చేప ఉన్నదానికంటే పావు వంతు దగ్గరగా కనబడుతుంది కనుక, అందుతుందనిపించాక ఇంకాస్త దగ్గరికి వెళ్ళి వెయ్యి.

లయన్‌ఫిష్ కనబడితే అదే మూడు ముళ్ళ మొన వాడు. మన హిందూ మహాసముద్రం వైపు చేప అది. ఇక్కడ పెరిగిపోయి రీఫ్‌లలో, అంటే నీటి అడుగు రాతి, పగడపు దిబ్బల్లో, పిల్లచేపల్ని తినేస్తోంది. పోల్ స్పియర్‌తో దాన్ని పట్టడానికి లైసెన్స్ కూడా అక్కర్లేదు. ఒంటి మీద 18 విషపు ముళ్ళుంటాయి, మొన నుంచి ఆ చేపని చేత్తో ఊడదీయకు. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో చెయ్యి పెట్టి, డాక్టర్ దగ్గరికి వెళ్ళు. మిగతా చేపల సైజులు, లెక్కలు, ఎక్కడ వేటాడకూడదో అన్నీ ఫ్లోరిడా వన్యప్రాణి శాఖ సైటులో ఉన్నాయి, బయల్దేరే రోజే చూసుకో.

ఇక జతగాడి సంగతి. తెలుగువాడే కావాలని కూర్చోకు, నేను అలా కూర్చునే ఏడాది పోగొట్టుకున్నాను. ఫ్రీడైవింగ్ క్లాసులో చేరు, ఊపిరి బిగబట్టడంతో పాటు మనుషులూ దొరుకుతారు. మనిషి దొరికాక మొదటి నెల ఇద్దరూ కలిసి ఒక్క ఈటే తీసుకెళ్ళండి. అప్పుడు ఒకరు దిగితే రెండోవారికి చేతిలో ఏమీ ఉండదు కనుక, పైనుంచి చూస్తూనే ఉంటారు.