ముందు ఆ ఇంటి ప్లాను గీసి పంపు

బాబూ,

నీ కథ అందింది. మొదటిసారి ఆసక్తితో చదివాను, రెండోసారి కోపంతో. ఉత్తరంలో "మాస్టారూ" అని పిలిచావు. నేను ఏ బడిలోనూ పాఠం చెప్పినవాణ్ణి కాదు, అయినా మన వైపు నాలుగు కథలు అచ్చయినవాడెవడైనా మాస్టారే కాబట్టి ఊరుకుంటున్నాను.

బొబ్బిలి పక్క పల్లెలో జరిగే కథలో ఫైర్‌ప్లేస్ ఎక్కడిది నాయనా? చెక్కమెట్లు కిర్రుమంటాయి, గోడకి జింక తల, మంచు కురుస్తున్నట్టు పొగ, కింద బేస్‌మెంట్. మన ఊళ్ళలో బేస్‌మెంట్ తవ్వితే వానాకాలానికి అందులో కప్పలు చేరతాయి, దెయ్యం ఎక్కడ కూర్చుంటుంది? నీ దగ్గర హారర్ డిస్కులు బీరువా నిండా ఉన్నాయని రాశావు, నమ్ముతున్నాను. ఆ బీరువాలోని ఇళ్ళన్నీ తెచ్చి ఒక్క కథలో కట్టేశావు, అదీ నా బాధ.

నా కోపానికి అసలు కారణం మాత్రం అది కాదు. కథ మధ్యలో ఒక అర పేజీ ఉంది. మీవాడు, అంటే నీ కథలో కుర్రాడు, దెయ్యం సినిమాలు ఇంట్లో ఉండకూడదని అమ్మ పోరుతుంటే ఆ డిస్కులన్నీ సత్యనారాయణ వ్రతం, లలితా సహస్రనామం అని రాసున్న కవర్లలో పెట్టి, దేవుడి గదిలో బీరువా కింద అరలో దాస్తాడు. ఒక శుక్రవారం పక్కింటావిడ ఆ వ్రతం సీడీ ఓసారి ఇస్తారా అని అడుగుతుంది. అక్కడ నవ్వాను, ఆ వెంటనే భయం కూడా వేసింది, పేజీ తిప్పాను. తిప్పితే ఏముంది? "ఆ రాత్రి నేను ఆ పాడుబడ్డ బంగళాకి బయల్దేరాను." ఆ సీడీ ఆవిడ పట్టుకెళ్ళిందా లేదా? వాళ్ళింట్లో ముత్తయిదువులంతా కూర్చుని ప్లే నొక్కారా? నీ దగ్గరున్న ఒకే ఒక్క దెయ్యాన్ని పక్కింటి గుమ్మంలో వదిలేసి పారిపోయావు కదయ్యా!

నేను ఎవరడిగినా ఒకటే చెబుతాను, విసుగొచ్చినా విను. దెయ్యం కథంటే ఇంటి కథ. చీకట్లో తడుముకుంటూ కూడా నువ్వు నడవగలిగే ఇల్లయితేనే అందులో పాఠకుణ్ణి భయపెట్టగలవు. 1963లో రాబర్ట్ వైజ్ తీసిన 'ది హాంటింగ్' నీ లిస్టులో ఉంది. చూశావు కూడా, కానీ ఎలా చూశావో అర్థం కావట్లేదు. అందులో దెయ్యం ఒక్కసారి కూడా కనబడదు. తలుపు మీద బాదుడు, ఆ తలుపు చెక్క గదిలోకి ఉబ్బడం, అంతే. 1981 'ఈవిల్ డెడ్' వాళ్ళు టెనెసీ అడవిలో పాడుబడ్డ కొంప ఒకటి వెతుక్కుని అందులో తీశారు, ఆ కొంపా దాని నేలమాళిగ తలుపూ లేకపోతే సినిమాయే లేదు. మరి వర్మ 'రాత్రి'లో సెల్లార్ ఉంది కదా అంటావు, నాకు తెలుసు నువ్వు అంటావని. ఉంది. 1992లో ఆ సినిమా చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకునేది దాని గురించే. అయితే ముందు ఆ ఇంట్లోకి కొత్తగా దిగిన మామూలు కుటుంబాన్నీ, వాళ్ళ తిండినీ తగువుల్నీ, కారు కింద పడి చచ్చిపోయిన పిల్లినీ మనకి బాగా అలవాటు చేశాకే కిందికి దింపుతాడు. నువ్వు మొదటి పేరాలోనే దింపేశావు.

మా పాత ఇల్లు విజయనగరంలో పెంకుటిల్లు. వీధి అరుగు, సావిడి, నడవ, వంటిల్లు, ఆ వెనక పెరడు, పెరట్లో నుయ్యి, నుయ్యి దాటాక దొడ్డి. రాత్రి పూట కడుపులో తేడా చేస్తే లాంతరు పట్టుకుని ఆ నూతి పక్క నుంచే వెళ్ళాలి. ఎవరూ తోడకుండానే గిలక కదిలేది, గాలికే అనుకో. నేను చూసిన ఏ సినిమా దెయ్యమూ ఆ గిలక ముందు నిలబడలేదు. నీకు అలాంటి నుయ్యి లేకపోవచ్చు. అపార్ట్‌మెంట్ లిఫ్టు ఉందిగా, కరెంటు పోయినప్పుడు రెండంతస్తుల మధ్య ఆగిపోయేది?

అలాంటివి రాస్తే వేసుకున్నారా అంటే, లేదు. ఎనభైల్లో క్షుద్ర సీరియళ్ళ జోరు మీద ఒక వారపత్రిక ఎడిటరుగారు నా నూతి కథని తిప్పి పంపుతూ నిమ్మకాయలు లేవు, పుర్రె లేదు, కనీసం ఒక మంత్రగాడైనా లేడే అని రాశారు. సరే కదా అని అదే కథ అభ్యుదయం గట్టిగా ఉన్న ఇంకో పత్రికకి పంపితే, ఆ గిలక తిప్పింది దొంగనోట్ల ముఠా అని చివర్లో తేల్చమన్నారు. తేల్చలేదు. ఆ కథ ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో ఉంది. ఇప్పుడింకో ఫ్యాషను, దెయ్యం కనబడగానే కమెడియన్ కెవ్వుమని అరిచి సోఫా వెనక దూరాలి. దెయ్యాన్ని చూసి నవ్వించడం గురజాడ వారికి తెలియదా ఏమిటి, కన్యాశుల్కంలో పూజారి గవరయ్య సీసాలో దెయ్యాన్ని బిగించానని ఎంత దర్జాగా చెబుతాడు! అక్కడ నవ్వొచ్చేది నమ్మేవాళ్ళ భయాన్ని చూసి.

అన్నట్టు, నీ కథలో చిల్లంగి, అంటే చేతబడి, పెట్టే ముసలమ్మని తీసెయ్. చిల్లంగి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన ఏజెన్సీ ఊళ్ళ నుంచి నా చిన్నప్పుడూ చదివాను, ఇప్పుడూ చదువుతున్నాను. ఒంటరి ముసలిదాన్ని విలన్ని చేసి వినోదం పంచడానికి మనం సినిమా వాళ్ళం కాదు.

సేకరణ సంగతి. ఇది పిచ్చా అని అడిగావు. 1922లో వచ్చిన జర్మన్ రక్తపిశాచి సినిమా 'నోస్ఫెరాటు' ప్రింట్లన్నీ తగలబెట్టెయ్యమని కోర్టు తీర్పిచ్చింది, డ్రాక్యులా నవల రాసినాయన భార్య హక్కుల కోసం వేసిన దావా అది. ఎక్కడెక్కడో మిగిలిపోయిన కాపీల వల్లే ఈ రోజు మనం దాన్ని చూస్తున్నాం. పిచ్చో కాదో నువ్వే తేల్చుకో. అయితే నీ కథలో డిస్కుల పేర్లు పేజీన్నర వరసగా రాసుకుపోయావు, అది కిరాణా చీటీ. శ్రీకాకుళం వెళ్ళి కారా మాస్టారు, అదే కథకుడు కాళీపట్నం రామారావుగారు, 1997లో పెట్టిన కథల లైబ్రరీ కథానిలయం చూడు. అక్కడ కథ పేరొక్కటే ఉండదు, ఏ పత్రికలో ఏ సంచికలో వచ్చిందో కూడా ఉంటుంది. నీ ప్రతి డిస్కూ ఎవరి దగ్గర కొన్నావో, వాళ్ళు ఎందుకు అమ్ముకున్నారో రాసి పెట్టుకో.

ఇది ఎందుకంటున్నానంటే, నాకూ ఒకప్పుడు ఈ జబ్బుండేది. వీడియో లైబ్రరీలు మూతపడుతున్న రోజుల్లో గంటస్తంభం దగ్గర ఒక షాపతను క్యాసెట్లన్నీ కిలోల లెక్కన ఇచ్చేస్తుంటే సంచీ నింపుకొచ్చాను. అందులో 'ఈవిల్ డెడ్' ఒకటి. సగం సినిమా అయ్యేసరికి బొమ్మ గడగడా వణికి, ఎవరిదో పెళ్ళి మొదలైంది. పందిరి, తలంబ్రాలు, కెమెరా లైటు కళ్ళలో పడి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్న ఒక ముసలాయన, పెళ్ళికూతురి వెనక ఎవరినో వెతుక్కుంటున్న చిన్నపిల్ల. ఒక్క మొహమూ తెలీదు. కాసేపటికి మళ్ళీ అడవి, మళ్ళీ దెయ్యాలు. నా ఒళ్ళు జలదరించింది ఆ పెళ్ళి చూసినప్పుడే. ఆ ముసలాయన ఇంకా ఉన్నాడా? వాళ్ళ ఇంట్లో ఈ క్యాసెట్ కోసం ఎవరైనా వెతికారా? ఆ క్యాసెట్ హుద్‌హుద్ తుఫానుకి తడిసిపోయింది, మిగతావాటికి అంతకు ముందే మన తేమకి బూజు పట్టింది.

నీ వయసువాళ్ళు వీసీడీల కాలం గురించి రాయరెందుకో. అందులో బొమ్మ 352 చుక్కల వెడల్పే, చీకటి సీను రాగానే తెరంతా గళ్ళుగళ్ళుగా విడిపోయేది, దెయ్యం ఏ గడిలో ఉందో వెతుక్కోవాలి. పైగా సినిమా రెండు డిస్కులు. సరిగ్గా భయపడే చోట మొదటిది అయిపోతుంది, ఎవడో ఒకడు దుప్పట్లోంచి లేచి చీకట్లో రెండోది పెట్టాలి. ఎవడు లేస్తాడు? అన్నదమ్ముల మధ్య ఆ తగువు రాయి, నీ బంగళా కన్నా బాగుంటుంది.

కలం పేరు బాగుందా అని అడిగావు. పోటీకి పంపనా అనీ అడిగావు. ముందు మీ ఇంటి ప్లాను కాగితం మీద గీసి పంపు, దేవుడి గది నుంచి పక్కింటి గుమ్మానికి ఎన్ని అడుగులో వేసి. తర్వాత ఆ శుక్రవారం నుంచి కథ మళ్ళీ రాయి, పక్కింటావిడని సీడీ తీసుకెళ్ళనీ. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, నాకు ఒక కంటికే ఆపరేషన్ అయ్యింది.

విఠలాచార్య దెయ్యాల సినిమా 'జగన్మోహిని' వీసీడీలు రెండున్నాయని రాశావు. ఒకటి నాకు పంపగలవా? కొరియర్ ఖర్చు నేను పెట్టుకుంటాను. కవరు మీద మాత్రం ఏదైనా వ్రతం పేరు రాసి పంపు, మా ఆవిడ విప్పి చూస్తుంది.

ఉంటాను.