అమ్మలూ, ముందు ఆ చెరువు గట్టు ఫోటో పంపు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మామూలుగా అయితే ముందు నా షుగరు, తర్వాత మీ పిన్ని మోకాళ్ళు, ఆ తర్వాతే అసలు సంగతి, నిన్న మాత్రం ఎత్తీ ఎత్తగానే "ఏవయ్యా, నీ కూతురు ట్రాక్టర్ కొంటోందంట, తనే తోలుతుందంట, నీకేమైనా చెప్పిందా" అంది. నాకెవరూ ఏమీ చెప్పలేదు. ట్రాక్టర్ కాదు వదినా, గడ్డి కోసే బండి, జీరో టర్న్ అంటారు, స్టీరింగ్ బదులు రెండు లివర్లుంటాయి, ఇక్కడ అందరూ కొంటారు అని సర్దిచెప్పా. వెనకాల నించి మీ నాన్న గొంతు, "అక్కడ చెరువుందేమో అడుగు" అని. అంతే, ఇంకేం అడగలేదు. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు, పొద్దున్నే లేచి ఇది రాస్తున్నా.

ముందు సంతోషం సంగతి. స్ప్రింగ్ హిల్ ఊరి వైపు చెరువుతో సహా మూడెకరాల ఇల్లు కొన్నారని తెలుసు గానీ కోతకి మనిషిని పెట్టుకుంటారనుకున్నా. నువ్వే కూచుని కోస్తానన్నావంటే, మీ నాన్న కూతురివే. కాలేజీ రోజుల్లో మా ఇంటికొచ్చినప్పుడు సైకిల్ చైన్ ఊడితే నన్నే పిలిచేదానివి, గుర్తుందా.

కొనడం గురించి గబగబా చెప్పేస్తా. మూడెకరాలకి 52 అంగుళాలో 54 అంగుళాలో డెక్, అంటే కింద బ్లేడ్లుండే రేకు పెట్టె, చాలు, 42 అయితే వారం వారం రెండు మూడు గంటలు దాని మీదే గడుస్తుంది, 60 అయితే చెట్ల మధ్య దూరదు. డెక్ ఒకే రేకుని అచ్చు కొట్టి చేసింది కాకుండా మందం రేకులు వెల్డింగ్ చేసింది అడుగు, గేజ్ నంబర్ తగ్గే కొద్దీ రేకు మందం, 10 కంటే 7 గట్టిది, షాపులో కుర్రాడు తిరగేసి చెప్తే నమ్మేయకు. గేటు కొలుచుకో. డెక్ 54 అంటే బండి వెడల్పు 54 కాదు తల్లీ, పక్కన గడ్డి బయటికి కొట్టే మూత ఉంటుంది, దాంతో ఇంకో అడుగు వేసుకో. మా వీధిలో ఒకాయన కొత్త బండి తెచ్చి గేటు దగ్గర నిలబెట్టి, ఆ సాయంత్రం గేటు స్తంభం పీకాడు.

ఇంజిన్ కవాసాకీయా కోహ్లరా బ్రిగ్సా అని అల్లుడుగారు రాత్రంతా వీడియోలు చూస్తున్నారని విన్నా. చూడనీ. నేనైతే వెనక చక్రాల్ని తిప్పే హైడ్రో ట్రాన్స్‌మిషన్ ఏ మోడలో అడుగుతా. జీరో టర్న్‌కి వెనక చక్రానికొకటి చొప్పున రెండుంటాయి. చౌక బళ్ళలో వచ్చేవి మూసేసినట్టుంటాయి, ఆయిల్ మార్చే ఏర్పాటుండదు, పాడైతే మొత్తం మార్చాలి. కాస్త పై రకం వాటికి ఫిల్టర్ ఉంటుంది, మొదట 75 గంటలకి ఆయిల్ మార్చాక మళ్ళీ 400 గంటల దాకా చూడక్కర్లేదు. ఆ తేడాకి వెయ్యి డాలర్లు ఎక్కువైనా పెట్టు. బ్యాటరీది కొందామని కూడా ఆయన అంటున్నారట, మంచిదే, చప్పుడుండదు, ఆయిల్ గొడవుండదు, కానీ ఏప్రిల్ నెలాఖరులో వాన పడ్డాక ఇక్కడి ఫెస్క్యూ గడ్డి ఎలా లేస్తుందో మీరింకా చూడలేదు, ఆ పొడుగు గడ్డిలో ఒక్క ఛార్జ్‌కి మూడెకరాలు వస్తుందా అని డీలర్ నోటితో చెప్పించుకోండి. పెద్ద షాపులో కాకుండా రిపేర్ షెడ్ ఉన్న డీలర్ దగ్గరే కొను. మేలో బెల్ట్ తెగితే వాడే దిక్కు.

మా విచిటా నించి ముప్పావు గంట దూరంలో హెస్టన్ అని చిన్న ఊరుంది, ఈ రెండు లివర్ల పద్ధతి 1960ల్లో పుట్టింది ఆ చుట్టుపక్కలే, హస్లర్ బళ్ళు ఇప్పటికీ అక్కడే చేస్తారు. నేను 1988లో విమానాల ఉద్యోగానికని ఇక్కడికొచ్చినప్పుడు ఆఫీసులో కాన్సాస్ వాళ్ళు విమానాల కంటే దీని గురించే గొప్పగా చెప్పుకునేవాళ్ళు. నాకేమో మొదటిసారి ఎక్కగానే మా నాన్న జోడెద్దుల బండి గుర్తొచ్చింది. ఎడమ పగ్గం లాగితే ఎడమకి, కుడి పగ్గం లాగితే కుడికి, ఇదీ అంతే. కాకపోతే ఎద్దుకి నీళ్ళంటే ఎక్కడ ఆగాలో తెలుసు.

ఇక్కడికొచ్చేశా, ఇంక ఆ సంగతి చెప్పేస్తా. మీ నాన్నకి ఇన్నేళ్ళూ చెప్పలేదు.

మన ఊళ్ళో నాకు ట్రాక్టర్ నేర్పింది మీ నాన్నే. మాసీ ట్రాక్టరు, దమ్ము రోజులు, కేజ్ వీల్స్ వేసి చేల్లో దింపేవాడు, నేను మడ్‌గార్డ్ మీద కూచునేవాణ్ణి. బోదె గట్టు దగ్గరికి రాగానే ప్రతిసారీ ఒకటే మాట, "ఒరే, నీళ్ళ పక్క గట్టు పైకే గట్టిగా కనపడుతుంది, లోపలంతా ఎండ్రకాయ బొరియలే, అంచుకి చక్రం పెట్టకు" అని. వందసార్లు విన్నా. అంత విన్నవాణ్ణి, 2006 మే నెలలో ఏం చేశానో విను.

ఆ రోజు మధ్యాహ్నం ఇంట్లో సత్యనారాయణ వ్రతం, నలభై మంది వస్తున్నారు. రాత్రంతా వాన పడి పొద్దున్న తెరిపిచ్చింది. ఇల్లంతా హడావిడిగా ఉంది, గడ్డి ఎనిమిది అంగుళాలు లేచింది, పిన్ని వద్దంటున్నా వినకుండా తొమ్మిదింటికి బండి తీశా. వెనకాల మల్బరీ చెట్టు కొమ్మలు తగులుతున్నాయని సీటు వెనక ఉండే ఇనప కమ్మీ, బండి బోల్తా పడితే మనిషి నలగకుండా ఆపే కమ్మీ అది, దాన్ని మడిచేశా. చెట్టు దాటాక మళ్ళీ లేపాలి. లేపలేదు. మా పెరట్లో చివర చెరువు, చెరువంటే మనూరి చెరువు కాదు, ఇక్కడ ప్రతి పొలంలో తవ్వుకునే గుంట, నలభై అడుగులుంటుందేమో. దాని వైపు నేల వాలుగా దిగుతుంది. చూడ్డానికి పచ్చగా, తివాచీ పరిచినట్టు, అది గట్టు అనే ఊహే రాలేదు నాకు. మనూళ్ళో బురద కనపడేది కాబట్టి భయముండేది.

నీళ్ళ అంచు దాకా నీటుగా కోసేద్దామని వాలు మీద అడ్డంగా పోతున్నా. వెనక కింది చక్రం జర్రున జారింది. జారగానే నేను చేసింది ఏంటంటే, పై వైపుకి తిప్పబోయా. ఇక్కడే వినాలి నువ్వు. కారుకి ముందు చక్రాలు తిప్పితే బండి తిరుగుతుంది. దీని ముందు చక్రాలు ఉత్తవి తల్లీ, సూపర్ మార్కెట్ బండి చక్రాల్లాగా, ఎటు తోస్తే అటు తిరుగుతాయి. పట్టు, తిప్పుడు, బ్రేకు, అన్నీ ఆ వెనక రెండు చక్రాల్లోనే ఉన్నాయి, తడి గడ్డి మీద వాటికి పట్టు పోయిందంటే నీ చేతిలో లివర్లు రెండు ఇనప ముక్కలు, అంతే. నేను రెండూ వెనక్కి లాగా. చక్రాలు గడ్డి తోలు లేపుతూ ఉన్నచోటే గిర్రున తిరిగాయి, బండి మాత్రం ముందు చక్రాలు కిందికి తిప్పుకుని చెరువులోకి బయల్దేరింది. ఎంత సేపు పట్టిందంటావు, గోవిందా అనేంత సేపు కూడా పట్టలేదు. ముందు చక్రాలు నీళ్ళలో దిగాయి, డెక్ వెళ్ళి గట్టు బురదలో దిగబడి అక్కడాగింది, కుడి పక్కకి ఒరిగి. మస్క్‌రాట్ అని ఇక్కడ నీటి ఎలక ఒకటుంటుంది, అది గట్టంతా తొలిచేసింది, ఆ బొరియలోనే దిగబడింది. మీ నాన్న చెప్పిన ఎండ్రకాయే అనుకో, కాన్సాస్‌లో బొచ్చుతో ఉంటుంది.

ఆ బొరియ లేకపోతే బండి తలకిందులై నా మీద పడేది, కమ్మీ మడిచి ఉంది కాబట్టి. ఈ దేశంలో ఇలాంటి బళ్ళ కింద మోకాలి లోతు నీళ్ళలో పోయినవాళ్ళున్నారు, ఈత వచ్చినవాళ్ళే. నేను కిందకి దూకా, సీటు మీంచి లేవగానే ఇంజిన్ ఆగిపోయింది, అదొక్కటి పని చేసింది. పక్క పొలం పెద్దాయన చూసి ట్రాక్టర్, గొలుసు తెచ్చాడు. బయటికి లాగాడు. ఒక్క మాట అనలేదు నన్ను. బురద తుడుచుకుని, ఆ మడిచిన కమ్మీని లేపి, రెండు పక్కలా పిన్నులు పెట్టి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. మీ పిన్ని ఇదంతా ఇంటి వెనక చెక్క వరండా మీంచి చూసింది. వ్రతం జరిగింది, కథ విన్నాం, నలభై మందికీ పులిహోర వడ్డించింది, నాతో మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు.

అందుకే ముందు ఇది చూస్కో. ఫోన్‌లో లెవెల్ యాప్ ఉంటుంది, ఒక పొడుగు చెక్క నేల మీద పెట్టి దాని మీద ఫోన్ పెట్టి మీ వాలు కొలువు. చాలా బళ్ళ మాన్యువల్లో 15 డిగ్రీలు దాటితే వద్దంటారు, కొన్నిటికి 10, నీ బండికి ఎంత రాస్తే అంత. 15 అంటే పది అడుగులు నడిస్తే రెండు అడుగుల ఎనిమిది అంగుళాలు దిగడం, కంటికి ఏమంత అనిపించదు, అదే ప్రమాదం. నీళ్ళకి కనీసం రెండు బళ్ళ వెడల్పు దూరంలో ఆగిపో. ఆ మిగిలిన పట్టీ కోయకు, పొడుగ్గా వదిలెయ్, వేళ్ళు గట్టుని పట్టుకుంటాయి, మరీ అయితే చేత్తో పట్టుకునే ట్రిమ్మర్‌తో కొట్టు. అల్లుడుగారు నీటుగా లేదంటే నా పేరు చెప్పు. కమ్మీ ఎప్పుడూ లేపి ఉంచు, లేపి ఉంటే సీటు బెల్టు పెట్టుకో. కొమ్మ కోసం మడిచావా, ఆ కాసేపు బెల్టు తీసెయ్, మడిచిన కమ్మీతో బెల్టు పెట్టుకుంటే బండితో పాటు నువ్వూ దానికి కట్టేసి ఉంటావు. అసలు ఆ కొమ్మే కొట్టించెయ్. తడి గడ్డి మీద బండి తీయకు, చుట్టాలొచ్చినా, దేవుడొచ్చినా.

రెండోది చిన్నోడు. వాడు ఒళ్ళో కూచుంటానని ఏడుస్తాడు, ఒక్క రౌండే కదా అనిపిస్తుంది. నేను మడ్‌గార్డ్ మీద పెరిగినవాణ్ణే, అయినా చెప్తున్నా, ఒక్కసారి కూడా వద్దు. ఒకసారి ఎక్కించావంటే బండి చప్పుడు వినపడగానే పరిగెత్తుకొస్తాడు, నువ్వు రివర్స్‌లో ఉంటావు, నీకు కనపడడు. బండి తీసినంత సేపూ వాడు ఇంట్లో, పెద్దవాళ్ళెవరో చూస్తూ ఉండాలి, ఊరికే టీవీ ముందు కూచోబెడితే లాభం లేదు. రివర్స్ వేసే ముందు వెనక్కి చూడు, వేశాక కూడా చూస్తూనే ఉండు.

మొదటి వారం బ్లేడ్లు వేయకుండా బల్లపరుపు నేల మీద తిప్పి చేయి అలవాటు చేసుకో. తిరిగేటప్పుడు ఒక చక్రం ఆపేసి గిరగిరా తిప్పితే గడ్డి గుండ్రంగా ఊడొస్తుంది, కొంచెం వెనక్కి వచ్చి తిరుగు, రెండు చక్రాలూ కదులుతూనే ఉండాలి. ఫెస్క్యూని మూడు, మూడున్నర అంగుళాల కంటే పొట్టిగా కొట్టకు, జులై ఎండకి చచ్చిపోతుంది.

ఇంక మెయింటెనెన్స్. కొత్త ఇంజిన్ ఆయిల్ మాన్యువల్లో ఎన్ని గంటలంటే అన్ని గంటలకి మొదటిసారి మార్చు, చాలావాటికి పది గంటల లోపే, తర్వాత వంద గంటలకోసారి. టైర్లలో గాలి రెండు పక్కలా సమానంగా ఉండాలి, లేకపోతే గడ్డి మెట్లు మెట్లుగా తెగుతుంది, డెక్ పాడైందని డీలర్‌కి డబ్బులిస్తావు. గ్రీజ్ పెట్టే చోట్లకి గ్రీజ్ పెట్టు. పెట్రోల్ 10 శాతం ఇథనాల్ దాకా ఫర్వాలేదు, బంకులో 88 అని రాసుండేది 15 శాతంది, చౌక అని పోయించకు. చలికాలం ముందు పెట్రోల్ చెడకుండా స్టెబిలైజర్ కలిపి అయిదు నిమిషాలు ఇంజిన్ తిప్పు. మార్చిలో స్టార్ట్ చేసే ముందు ఇంజిన్ మీద రేకు ఎత్తి చూడు, ఎలకలు గూడు కట్టేసి ఉంటాయి.

బ్లేడ్లు 20, 25 గంటలకోసారి పదును. గడ్డి కొసలు రెండు రోజులకి తెల్లబడుతున్నాయంటే బ్లేడు కోయడం మానేసి చింపుతోందని అర్థం. బ్లేడు తీసే ముందు స్పార్క్ ప్లగ్ వైర్లు పీకెయ్, ఉత్త జాకీని నమ్మి డెక్ కింద చెయ్యి పెట్టకు. కొడవలికి పెట్టినంత పదును అక్కర్లేదు, మరీ పల్చగా చేస్తే రాయి తగిలినప్పుడు అంచు వంగిపోతుంది. బరువు రెండు పక్కలా సమానంగా ఉందో చూడ్డానికి గోడకి మేకు కొట్టి బ్లేడుని మధ్య కన్నంతో వేలాడదియ్యి, ఏ పక్క దిగితే ఆ పక్క ఇంకాస్త రాపాడించు. నేనొకసారి మూడు బ్లేడ్లూ తిరగేసి బిగించి ఎకరం కోశా. కోశాననుకున్నా, గడ్డి ఉత్తినే పడుకుంది. ఇంజినీర్ని మళ్ళీ.

శనివారం నేనూ పిన్నీ వస్తున్నాం, మూడు గంటల దారి, పది గంటలకల్లా దిగుతాం. పిన్ని గోంగూర పచ్చడి పెడుతోంది. అప్పటిదాకా డెలివరీ తీసుకోకు, డీలర్ ఫోన్ చేస్తే ఇంట్లో పెద్దాయన రావాలని చెప్పు, వాడికి అర్థం కాకపోయినా ఫర్వాలేదు. ఈలోగా చెరువు గట్టు ఫోటో నాలుగు వైపుల నించీ తీసి పంపు. నారింజ రంగు జెండాలు ముప్పై కొన్నా, గుంట చుట్టూ పాతాలి. సుత్తి మీ దగ్గర ఉంటుందిగా, లేకపోతే ఇప్పుడే చెప్పు, అది కూడా కార్లో పడేస్తా.

బాబాయ్