పాత పడవ రిగ్గింగ్: తుప్పు మరక తుడిస్తే సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: 30 అడుగుల పాత తెరచాప పడవ కొన్నారు, రిగ్గింగ్ (మాస్ట్‌ను, అంటే చాప కొయ్యను, నిలబెట్టే వైర్ల అమరిక) వయసు 14 ఏళ్లు. మాస్ట్‌ను రెండు పక్కలా పట్టి ఉంచే ష్రౌడ్ వైర్ల కింది చివర, ఫిట్టింగ్ దగ్గర, గోధుమరంగు మరకలు కనిపించాయి. పాలిష్ పెట్టి రుద్దితే పోయాయి, నెల తిరక్కుండా మళ్లీ వచ్చాయి. ఇది పైపై తుప్పేనా, వైర్లన్నీ మార్చాలా, ఆ పని సొంతంగా చేసుకోవచ్చా అని అడిగారు.

నేను వృత్తిరీత్యా రిగ్గర్‌ని కాదు. రెండు పడవల మాస్టులు సొంతంగా చూసుకున్నవాణ్ణి, అందులో ఒకదాని మీద సముద్రంలో ష్రౌడ్ తెగడం చూసినవాణ్ణి. కాబట్టి నా జవాబులో భయం పాలు కాస్త ఎక్కువే ఉంటుంది, ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

మరక ఎక్కడ మొదలవుతోందో ముందు చూడండి. వైరు పొడవునా పల్చగా టీ రంగు పట్టి ఉంటే కంగారు లేదు, అది పైపైదే. ఫిట్టింగ్ మూతి దగ్గర, లోపల్నుంచి కారినట్టు వస్తుంటే మాత్రం అనుమానించాల్సిందే. స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడేది దాని మీదుండే సన్నని క్రోమియం ఆక్సైడ్ పొర. గీత పడినా, గాలి తగిలితే ఆ పొర తనంతట తానే పూడుతుంది. గాలి ఆడకుండా ఉప్పునీరు నిలిచిన చోట పూడదు. వైరును లోపల పెట్టి యంత్రంతో నొక్కిన స్వేజ్ ఫిట్టింగ్ సరిగ్గా అలాంటి చోటే. మాస్ట్ పైనున్న ఫిట్టింగ్ మూతి కిందికి ఉంటుంది కాబట్టి నీరు జారిపోతుంది. డెక్ దగ్గరున్నది గ్లాసులా మూతి పైకెత్తుకుని ఉంటుంది. వైరు వెంట జారిన ఉప్పునీరంతా అందులోకే. మీరు పాలిష్ చేసింది గ్లాసు బయటి వైపు.

దానికి తోడు లోహం అలసట ఒకటి ఉంటుంది. పడవ ఊగిన ప్రతిసారీ వైరు ఆ మూతి దగ్గరే రవ్వంత వంగుతుంది. సన్న తీగను చేత్తో అటూ ఇటూ వంచి తెంపుతాం చూడండి, అదే పని సముద్రం ఏళ్ల తరబడి ఓపిగ్గా చేస్తుంది. అందుకే వైరు మధ్యలో తెగడం అరుదు, చివర్లలోనే తెగుతుంది.

నా సంగతి చెప్తాను. మొదటి పడవలో కుడివైపు పై ష్రౌడ్ కింది చివరను దూదితో తుడుస్తుంటే దూది పోగు ఒకటి చిక్కుకుంది. భూతద్దం పెట్టి చూస్తే ఒక్క తీగ తెగి ఉంది. మన పడవల్లో ఎక్కువగా వాడేది 1×19 వైరు, అంటే 19 తీగలు కలిపి పేనినది. ఒకటి పోతే 18 ఉన్నాయి కదా అనుకున్నాను. పక్క పడవ పెద్దాయన నవ్వి, "మిగతా 18 కూడా అదే వయసువి, అవీ ఆ నీళ్లే తాగాయి" అన్నాడు. సిగ్గేసి ఆ వైరు మార్చాను. ఆ ఒక్కటే మార్చాను. ఎడమవైపుది బాగానే కనిపిస్తోందిగా అని నా పిసినారితనం.

మరుసటి సీజన్‌లో ఆ ఎడమవైపుదే తెగింది. గాలి పెద్దదేం కాదు, 15 నాట్లు (గంటకు సుమారు 28 కి.మీ.) ఉంటుందేమో. తుపాకీ పేలినట్టు చప్పుడు, తలెత్తి చూస్తే మాస్ట్ పైభాగం విల్లులా వంగి ఉంది. చుక్కాని దగ్గరున్న స్నేహితుడు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా పడవను ట్యాక్ చేశాడు, అంటే ముక్కును గాలికి అడ్డంగా అవతలి వైపుకు తిప్పేశాడు. గాలి రెండో వైపుకు మారింది, భారమంతా కొత్త వైరు మీద పడింది, మాస్ట్ నిలబడింది. తర్వాత చాపలు దించి, ఖాళీగా ఉన్న హాల్యార్డ్‌ను (చాప ఎత్తే తాడును) తెగిన వైపు చైన్‌ప్లేట్‌కు (వైరును పడవకు పట్టి ఉంచే లోహపు పట్టీకి) కట్టి వించ్‌తో బిగించి, ఇంజిన్ మీద మెల్లగా ఒడ్డుకొచ్చాం. ముందు స్టే (మాస్ట్‌ను ముందు నుంచి పట్టే వైరు) తెగితే పడవను గాలివాలుకు, అంటే గాలి వీచే దిక్కుకు, తిప్పాలి, వెనక స్టే తెగితే ముక్కును గాలిలోకి తిప్పి మెయిన్ షీట్ (పెద్ద చాపను అదుపుచేసే తాడు) లాగి పట్టాలి. ఇవి ఇప్పుడే గుర్తుపెట్టుకోండి, ఆ సమయంలో ఆలోచించడానికి వ్యవధి ఉండదు.

ఒడ్డుకొచ్చాక తెగిన చివర చూశాను. ఆరేడు తీగల ముఖాలే కొత్తగా మెరుస్తున్నాయి. మిగతావన్నీ నల్లబడి, గోధుమరంగు తిరిగి ఉన్నాయి. అంటే అవి ఎప్పుడో, నాకు తెలియకుండా ఫిట్టింగ్ లోపల తెగిపోయాయి. "బాగానే కనిపిస్తోంది" అన్న మాట మీద అప్పట్నుంచి నాకు నమ్మకం పోయింది.

కాబట్టి మీ విషయంలో నా మాట: అన్నీ మార్చండి. 14 ఏళ్ల వయసు, లోపల్నుంచి వచ్చే మరక, పాత యజమాని ఎలా వాడాడో తెలియని చరిత్ర, మూడూ ఒక్కచోట కలిశాయి. ఉప్పునీటిలో తిరిగే పడవకు పదేళ్లు దాటిన వైర్లంటే చాలా బీమా కంపెనీలు కూడా ప్రశ్నలు మొదలుపెడతాయి. మీకు ఫర్లర్ (ముందు చాపను చుట్టి పెట్టే పరికరం) ఉంటే ముందు స్టే దాని గొట్టంలో దాక్కుని ఉంటుంది. కంటికి కనిపించదు కాబట్టి అందరూ మర్చిపోయేది అదే. దాన్నీ కలిపి మార్చండి.

సొంతంగా చేసుకోవచ్చా అంటే, చాలావరకు చేసుకోవచ్చు. మొదటిసారి కాబట్టి క్రేన్‌తో మాస్ట్ దింపించుకుని నేల మీద పని చేయండి. దించే ముందు ప్రతి టర్న్‌బకిల్ (వైరును బిగించే, వదులుచేసే మరల పరికరం) ఎంత తెరిచి ఉందో కొలిచి రాసుకోండి, ప్రతి వైరుకూ టేపు చుట్టి ఎడమ, కుడి, పైది, కిందిది అని రాయండి. "గుర్తుంటుందిలే" అనుకోవద్దు, గుర్తుండదు. పాత వైర్లనే కొలతగా ఇచ్చి, టర్న్‌బకిల్ సగం తెరిచి ఉన్నప్పుడు సరిపోయేలా కొత్తవి చేయించుకోండి. వైరు 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలుదై ఉండాలి.

పై చివర యంత్రంతో స్వేజ్ చేయించి, కింది చివర స్టా-లాక్ లాంటి మెకానికల్ ఫిట్టింగ్ నేనే వేసుకున్నాను. రెండు స్పానర్లు చాలు. వైరు బయటి 12 తీగలను విప్పదీసి, లోపలి 7 తీగల మీద చిన్న కోన్ ఎక్కించి, బయటివి దాని చుట్టూ సర్ది బిగించాలి. ఆఖరి బిగింపుకు ముందు లోపల సీలెంట్ నింపడం మర్చిపోవద్దు. నీళ్లకు చోటు లేకుండా చేయడమే మనకు కావాల్సింది. మొదటి ఫిట్టింగ్‌కు నాకు గంటన్నర పట్టింది, చేతులకు గాట్లు పడ్డాయి. నాలుగోదానికి ఇరవై నిమిషాలు. మళ్లీ విప్పి వేయాల్సి వస్తే కోన్ కొత్తది వాడాలి.

మాస్ట్ నేల మీద ఉండగానే స్ప్రెడర్ల (మాస్ట్ నుంచి పక్కలకు చాచి ష్రౌడ్లను దూరంగా పట్టే కడ్డీల) కొనల మీది టేపంతా ఊడదీయండి. నీరు చొరకుండా అని గట్టిగా చుట్టిన టేపు, చొరబడిన నీటిని బయటికి పోనివ్వదు. అల్యూమినియం మాస్ట్‌లో స్టీలు స్క్రూలున్న చోట తెల్లపొడి, పెయింట్ కింద బుడగలు కనిపిస్తే అది రెండు లోహాల మధ్య ఉప్పునీరు పెట్టిన గొడవ. ఆ స్క్రూలను బలవంతంగా తిప్పి రెండు తలలు విరగ్గొట్టుకున్నాను. వేడిచేసి, నూనె పోసి, ఒక రాత్రి ఆగి ఉంటే వచ్చేవి. తిరిగి పెట్టేటప్పుడు మధ్యలో టెఫ్-జెల్ లాంటి పేస్ట్ రాయండి. మాస్ట్ పైనున్న కప్పీలు వేలితో తిరుగుతున్నాయో లేదో చూడండి. బిగుసుకుపోయిన కప్పీ కొత్త హాల్యార్డ్‌ను కూడా నెలల్లో కోసేస్తుంది.

మాస్ట్ నిలబెట్టేటప్పుడు స్ప్రెడర్ తన కొన దగ్గర ష్రౌడ్ చేసే కోణాన్ని సమానంగా పంచేలా, కొద్దిగా పైకి చూస్తూ ఉండాలి. కిందికి వాలిన స్ప్రెడర్ భారం పడగానే జారుతుంది. టర్న్‌బకిల్ మరలకు లానోలిన్ పట్టించండి, స్టీలు మీద స్టీలు ఎండగా తిరిగితే అతుక్కుపోతుంది. బిగుతుకు గేజ్ కొనకపోయినా ఫర్వాలేదు. 1×19 వైరు మీద, అది చేతి బిగుతులో ఉన్నప్పుడు, 2 మీటర్ల పొడవు గుర్తుపెట్టుకోండి. బిగించేకొద్దీ ఆ పొడవు 1 మి.మీ. సాగితే, తెగే భారంలో 5 శాతం బిగుతు వచ్చినట్టు. వైరు లావైనా సన్నమైనా ఇదే లెక్క. పై ష్రౌడ్లకు నేను 3 మి.మీ. దగ్గర, అంటే 15 శాతం దగ్గర ఆపుతాను. తర్వాత నీళ్ల మీదికి వెళ్లి, పడవ 20 డిగ్రీలు ఒరిగినప్పుడు గాలివాలు వైపు (గాలి వచ్చే వైపుకు అవతలి వైపు) ష్రౌడ్లు చూడండి. కొంచెం వదులైతే పర్లేదు, వేలాడకూడదు. అది సరిపోయాకే టర్న్‌బకిల్స్ తిరిగిపోకుండా స్ప్లిట్ పిన్నులు వేయండి. వేయకుండా మాత్రం ఆ రోజుకు ఆపకండి.

పైకి ఎక్కాల్సి వస్తే రెండు హాల్యార్డులు కట్టుకోండి, స్నాప్ షాకిల్‌ను (ఒక్క లాగుతో తెరుచుకునే కొక్కేన్ని) నమ్మకుండా బౌలైన్ ముడి వేయండి, కింద ఎవర్నీ నిలబడనివ్వొద్దు. నా చేతిలోంచి ఒకసారి స్పానర్ జారి డెక్‌కు సొట్ట పెట్టింది. అప్పట్నుంచి ప్రతి పనిముట్టుకూ తాడు కడుతున్నాను.

చివరిగా చైన్‌ప్లేట్లు. వైర్లు మార్చి వీటిని వదిలేసేవాళ్లే ఎక్కువ. ఇవి డెక్ గుండా కిందికి దిగేచోట, డెక్ మందంలో కనిపించకుండా ఉన్న ఆ అంగుళం భాగంలోనే తుప్పు తొలిచేస్తుంది, పైనా కిందా అద్దంలా మెరుస్తున్నా సరే. లోపల చెక్క మీద నీటి చారలుంటే అనుమానం ఇంకా గట్టిపడుతుంది. ఒక్కటి ఊడదీసి చూడండి. సన్నని పగులు, గుంట, నల్లగీత ఏది కనిపించినా అన్నీ తీయాల్సిందే. తీశాక ఆ భాగాన్ని వెలుతురులో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి నా అభిప్రాయం చెప్తాను. అప్పటిదాకా చాప ఎత్తకుండా ఇంజిన్ మీదే తిరగండి.