సంక్రాంతికి ఊరెళ్లేముందు అమ్మకు అంకె చెప్పండి

"అక్కా, పిల్లల్ని తీసుకుని ఈ సంక్రాంతికి ఊరెళ్దామనుకుంటున్నాం, చేతిలో డబ్బు అంతంతమాత్రం, ఎలాగంటారు?" అమెరికాకు కొత్తగా వచ్చినవాళ్లు నన్ను తరచూ అడిగే మాట ఇది. వాళ్లకు కావాల్సింది టిక్కెట్ల సంగతి. నేను ముందు అడిగేది మాత్రం వేరే: మీ దగ్గర ఎంతుందో అమ్మకు చెప్పారా?

నేను డల్లాస్ వచ్చి పదహారేళ్లయింది. పుట్టిల్లు కోనసీమలో అంబాజీపేట దగ్గర. వచ్చిన మూడో ఏడు, పెద్దదానికి ఇంకా రెండేళ్లు నిండకముందు, భోగికి ఇంటికెళ్లాం. టిక్కెట్లు క్రెడిట్ కార్డు మీద కొన్నామని ఇంట్లో చెప్పలేదు, బాధపడతారని. వెళ్లేసరికి మాకోసమని పడకగదిలో కొత్త ఏసీ, కొత్త పరుపు, గోడలకు రంగులు. అల్లుడుగారికి బట్టలు, ఉంగరం. నేనెంత మురిసిపోయానో! కనుమ మర్నాడు అమ్మకు తల దువ్వుతుంటే చూశాను, మెడలో పసుపుతాడు ఒక్కటే ఉంది. నానుతాడేదమ్మా అంటే "మెరుగు పెట్టడానికిచ్చానే" అంది. అది తాకట్టులో ఉందని రెండేళ్ల తర్వాత తెలిసింది. విడిపించడానికి నాన్నకు రెండు దింపుల కొబ్బరి డబ్బు పట్టింది. మేం అప్పుచేసి వెళ్లాం, వాళ్లు అప్పుచేసి మమ్మల్ని చూసుకున్నారు.

అందుకే మొదట ఆ ఫోను చేయండి. "ఈసారి మొత్తం ఇంతలో వెళ్లి రావాలమ్మా, మాకోసం ఏమీ కొనొద్దు" అని అంకెతో సహా, నాన్న కూడా వినేలా చెప్పండి. ఆడపిల్లలకు ఇంకో మాట. పెట్టుపోతలు వద్దని మీ ఆయన చేత చెప్పించండి. కూతురు చెబితే మొహమాటానికంటోందనుకుంటారు, అల్లుడు చెబితేనే మనవైపు నమ్ముతారు. పండగ ఖర్చు డిసెంబరులోనే అమ్మ ఖాతాలో వేసేయండి. అమెరికా నుంచి పంపేవాళ్లు బ్యాంకు ఖాతా నుంచే పంపండి. 2026 జనవరి నుంచి నగదో మనీయార్డరో కట్టి పంపిస్తే 1 శాతం పన్ను పడుతోంది, ఖాతా నుంచి పంపితే అది లేదు.

ఇక ప్రయాణం. విమానాల ధరలు మండిపోయేది క్రిస్మస్ సెలవులకు. మన పండగ జనవరి నడిమధ్యన కదా, బడి ఈడు రాని పిల్లలున్నవాళ్లు కొత్త సంవత్సరం వెళ్లాక బయల్దేరడం మేలు. హైదరాబాదు నుంచి రైలు రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తారు. అంటే నవంబరు రెండో వారంలో, పొద్దున్న ఎనిమిదింటికి, ఊళ్లో ఉన్న తమ్ముడో బావో సిద్ధంగా కూర్చోవాలి. రాజమండ్రికి గౌతమి ఎక్స్‌ప్రెస్, పాలకొల్లు, భీమవరం వైపువాళ్లకు నరసాపురం బండి. అమలాపురానికి రైలు రాలేదు, రాజమండ్రిలో దిగి రావులపాలెం మీదుగా బస్సెక్కాల్సిందే. భోగి ముందురోజు ప్రైవేటు బస్సు ధర చూస్తే గుండె గుభేలుమంటుంది, అంతదాకా ఆగొద్దు. చుట్టాలిళ్లకు రోజూ కారు మాట్లాడకండి. 2025 ఆగస్టు 15 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. అమ్మ, పిన్ని ఆధార్ చూపిస్తే చాలు.

కోడిపందేల బరి దగ్గరకు మాత్రం వెళ్లొద్దు. అమెరికా నుంచొచ్చినవాడని పేరుపెట్టి పిలిచి మరీ పందెం కాయమంటారు. అక్కడ పోయిన డబ్బు మీ పిల్లలది.

మూడేళ్ల తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు నేను అంకె చెప్పాను. ఫోనులో కాసేపు మాటలేదు. తర్వాత అమ్మ "బతికించావే" అంది. ఆ ఏడు మిఠాయి కొట్టుకు ఆర్డరివ్వలేదు. పక్కింటి అత్త, ఎదురింటి వదిన అరిసెలు వండడానికి వచ్చి కూర్చున్నారు. రాత్రంతా నానిన బియ్యం దంచి, తడి ఆరకుండా జల్లించారు. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం, మా అమ్మ లెక్క. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేసింది. వేలికి మెత్తగా ఉండ కట్టాక "దించండి, దించండి" అని కేకపెట్టింది. వేగిన అరిసెను రెండు గరిటెల మధ్య నొక్కి నూనె పిండే పని నాది. మా చిన్నది చలిమిడి దొంగిలించి తింటూనే ఉంది. భోగి పిడకలు అత్తవాళ్ల ఆవు పేడతో చేసినవే. నడుమ కన్నం పెట్టి దండ గుచ్చడం పిల్లలకు నాన్న నేర్పారు.

కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి నడిచే వెళ్లాం. పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభలెక్కి, అంటే వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన చట్రాల మీద వచ్చి, అక్కడ కలుస్తారు. 2023 రిపబ్లిక్ డే కవాతులో మన రాష్ట్రం శకటం ఈ ప్రభల తీర్థమే. గంగలకుర్రు ప్రభను "అశ్శరభ శరభ" అంటూ భుజాలమీద మోస్తూ కౌశిక కాలువ నీళ్లలోకి దింపారు. ప్రభ ఓసారి పక్కకు ఒరిగింది, గట్టుమీద జనమంతా ఊపిరి బిగబట్టారు. నాన్న భుజమ్మీదున్న మా పెద్దది ఆయన జుట్టు రెండు చేతులా పట్టుకుంది. ప్రభ అవతలి గట్టెక్కాక పావుకిలో జీళ్లు కొన్నాం. ఆ రోజు మాకైన ఖర్చు అదే. ఇంటికొచ్చేసరికి నాన్న తలనిండా జీళ్ల జిగురు, అమ్మ కొబ్బరినూనె రాసి దువ్వుతుంటే ఆ మెడలో నానుతాడుంది.