రోల్ క్రింప్ మర్నాటికి విచ్చుకుంటోందా? ముందు టూల్ వేడి చూడండి

షాట్‌గన్ తూటా నింపాక దాని మూతి అంచును లోపలికి చుట్టి మూయడమే రోల్ క్రింప్. మీ 12 గేజ్ ప్లాస్టిక్ హల్ (తూటా ఖాళీ గొట్టం) అంచు ముడతలు పడటానికీ, మర్నాటికి విచ్చుకోవడానికీ కారణం చాలావరకు ఒకటే: డ్రిల్ ప్రెస్‌కు బిగించి తిప్పే క్రింప్ టూల్ చల్లగా ఉండగానే గట్టిగా నొక్కుతున్నారు. అంచును మడిచేది బలం కాదు, రాపిడి వేడి.

1. ముందు రెండు మూడు పాత ఖాళీ హల్స్ మీద టూల్ తిప్పండి. చాలామంది వదిలేసేది ఇదే. మొదటివి బాగా రావు, వాటిని పారేయండి. టూల్ వేడెక్కాకే అసలు పని. దాన్ని మంటతో మాత్రం వేడి చేయొద్దు.

2. డ్రిల్ ప్రెస్ వేగం 300 ఆర్‌పీఎం దరిదాపుల్లో ఉంచండి. హల్ తిరగకుండా క్లాంప్‌లో బిగించండి. చేత్తో పట్టుకోవద్దు.

3. ఓవర్‌షాట్ కార్డ్ (గుళ్ల పైన మూతగా పెట్టే పలుచటి అట్టబిళ్ల) పైన సుమారు 6 మిల్లీమీటర్ల అంచు ఉండాలి. ఎక్కువైతే నలుగుతుంది, తక్కువైతే కార్డ్‌ను పట్టదు.

4. మెల్లగా దించండి. అంచు లోపలికి తిరిగి కార్డ్‌ను తాకగానే నొక్కడం ఆపి, ఒకటి రెండు సెకన్లు అలాగే ఉంచి పైకి ఎత్తండి.

ఇదివరకు మడత క్రింప్ (అంచును నక్షత్రంలా మడిచి మూసేది) వేసిన హల్స్ అయితే ఆ పాత గీతల దగ్గరే నలుగుతాయి. ఆ భాగం కోసేయండి. పొట్టి అయిన హల్‌కు పాత లోడ్ (మందు, గుళ్ల కొలతలు) పనికిరాదు, ఆ పొడవుకూ రోల్ క్రింప్‌కూ ప్రచురించిన డేటానే వాడండి. క్రింప్ మారితే పీడనం మారుతుంది, దయచేసి అంచనాతో వేయొద్దు.

చేయి కుదిరేదాకా తుపాకి మందూ, దాన్ని అంటించే ప్రైమరూ లేని డమ్మీల మీదే సాధన చేయండి.