బడి పిల్లలతో పని చేయాలంటే ఏ పీజీ?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. డిగ్రీలో సైకాలజీ చదివాను. బడి పిల్లలతో పని చేయాలని ఉంది. సైకాలజీలో పీజీ చేయాలా, శిశు వికాసంలోనా? పీజీ అవగానే పిల్లలకు ఐక్యూ పరీక్షలు పెట్టొచ్చా?

జవాబు: మీ డిగ్రీకి సైకాలజీయే దగ్గరి దారి. ఉస్మానియాలో సీటు కావాలంటే పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాయాలి. శిశు వికాసం చదివినవాళ్లకు మామూలుగా ఎదిగే పిల్లల మీద పట్టు ఎక్కువ, పరీక్షల సాధన తక్కువ.

ఇక రెండో సంగతి. పీజీ పట్టా ఒక్కటే ఉంటే బోర్డు మీద 'క్లినికల్ సైకాలజిస్ట్' అని రాసుకోకూడదు. దానికి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) గుర్తింపున్న కోర్సు, ఆపై నమోదు కావాలి. బడిలో కౌన్సెలర్ పని వేరు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

పరీక్ష పెట్టడం చూసినంత తేలిక కాదు. పిల్లల తెలివిని కొలిచే సెగాన్ ఫారం బోర్డునే తీసుకోండి. పది చెక్క ముక్కలు, వాటిని అమర్చడానికి పది గుంటలు. మూడుసార్లు పెట్టించి, అన్నిటికన్నా తక్కువ పట్టిన సమయాన్నే లెక్కలోకి తీసుకుంటారు. నక్షత్రం ముక్క దగ్గర బిడ్డ తడబడితే మన వేలు దానంతట అదే గుంట వైపు పోతుంది. పోయిందా, ఆ అంకె పనికిరాదు. ఆకలితోనో నిద్రమత్తుతోనో ఉన్న బిడ్డకు పెట్టినా అంతే. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు అయితే మాటల పరీక్ష ఏ భాషలో పెట్టారో రిపోర్టులో రాయాల్సిందే.

అందుకే కాలేజీ ఎంచుకునేటప్పుడు సిలబస్ కన్నా ముందు ప్రాక్టికల్స్ అడగండి: కిట్లు ఎన్ని, ఎంతమంది పిల్లల్ని స్వయంగా పరీక్షించనిస్తారు, రిపోర్టు ఎవరు దిద్దుతారు?