సిలబుల్స్ ఎక్కడ విరవాలి, డబుల్ లెటర్ ఎప్పుడు రాయాలి?

ఇంగ్లీషు పదాన్ని సిలబుల్స్‌గా, అంటే ఒక్కో ఊపులో పలికే ముక్కలుగా, ఎక్కడ విరవాలి, దానివల్ల స్పెల్లింగ్‌కి లాభం ఉందా అని అడిగారు. చాలా ఉంది. కాకపోతే ముందు చెవిని నమ్మాలి, అక్షరాల సంగతి తర్వాత.

పదాన్ని పైకి పలికి అచ్చు శబ్దాలు లెక్కపెట్టండి. ఎన్ని వినిపిస్తే అన్ని సిలబుల్స్. 'మేక్' (make) చివరి 'ఈ' పలకదు కాబట్టి ఒకటే. మనవాళ్లు బాగా తడబడేది 'వర్క్‌ట్' (worked) లాంటి చోట. అది ఒకటే సిలబుల్, 'వర్కెడ్' కాదు. క్రియ చివర టీ గానీ డీ గానీ పలికితేనే, భూతకాలానికి చేర్చే ఈడీ (-ed) విడి సిలబుల్ అవుతుంది: వాంటెడ్, నీడెడ్.

రెండు అచ్చుల మధ్య రెండు హల్లులుంటే సాధారణంగా వాటి మధ్య విరవండి. 'సిస్టర్'ని తెలుగులో రాసినప్పుడు స్ట కలిసిపోతుంది గానీ, విరుపు సిస్-టర్. ఛందస్సులో సంయుక్తాక్షరానికి ముందున్నది గురువైనట్టే, ఎస్ మొదటి భాగానికే చెందుతుంది. టీహెచ్, ఎస్‌హెచ్ వంటి జంటలు ఒకే శబ్దం, వాటిని చీల్చకండి. మధ్యలో ఒకే హల్లుంటే అచ్చు తర్వాత విరిచి చూడండి: టై-గర్. అలా పలికితే తెలిసిన మాట రాకపోతే హల్లును మొదటి భాగంలో కలపండి: క్యాబ్-ఇన్.

డబుల్ లెటర్ గుట్టు ఇక్కడే ఉంది. అచ్చుతో ముగిసిన సిలబుల్‌లో, ముఖ్యంగా ఊనిక (స్ట్రెస్, అంటే నొక్కి పలకడం) దానిమీదే ఉంటే, అచ్చు ఎక్కువగా తన పేరులాగే పలుకుతుంది. హల్లుతో మూసుకుంటే పొట్టిగా పలుకుతుంది. 'డైనర్'లో ఒక ఎన్, 'డిన్నర్'లో రెండు. ఆ రెండో ఎన్ ఉన్నది ముందున్న ఐని పొట్టిగా ఉంచడానికే. తెలుగు ద్విత్వంలా ఒత్తి పలకకూడదు, నోట వచ్చేది ఒక్క న్ మాత్రమే. చివర హల్లు, ఎల్, ఈ వస్తే ఆ మూడూ కలిపి ఒక సిలబుల్. అందుకే మొదటి సిలబుల్ అచ్చుతో ముగిసే 'టేబుల్'లో ఒక బీ, హల్లుతో మూసుకునే 'బబుల్' నడుమ రెండు.

ఐఎన్‌జీ చేర్చేటప్పుడు ఊనిక కూడా చూడాలి. 'బిగిన్'లో ఊనిక చివరి సిలబుల్ మీద ఉంది, 'బిగినింగ్'లో ఎన్ రెట్టిస్తాం. 'విజిట్'లో మొదటిదాని మీద ఉంది, 'విజిటింగ్'లో టీ ఒకటే.

ఊనిక లేని అచ్చు మాత్రం మసకగా వినిపిస్తుంది, అక్కడ చెవి సాయపడదు. 'సెపరేట్' (separate) నడుమ 'ఏ' బదులు చాలామంది తప్పుగా 'ఈ' రాసేది అందుకే. అలాంటి వాటికి, స్పెల్లింగ్ గుర్తుపెట్టుకునేటప్పుడు మాత్రం, సెప్-ఆ-రేట్ అని ప్రతి ముక్కనూ నిండుగా పలికి రాయండి.